ఒకే ఒక్క రాతప్రతి

తల వంచి రండి, గుమ్మం పొట్టిది. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా గోడ పట్టుకుని నిలబడండి.

మనం ఉర్ఫాలో ఉన్నాం. 19వ శతాబ్దం చివరి ఏళ్లు, ఒట్టోమన్ సుల్తానుల ఏలుబడి. బయట సున్నపురాతి గోడల మీద పడ్డ ఎండ కళ్లలో పొడుస్తోంది. ఇందాక వస్తూ కోటగుట్ట మీద రెండు రాతి స్తంభాలు చూశారు కదా, వాటిలో ఒకదాని మీద సిరియాక్ లిపిలో ఒక రాణి పేరు చెక్కి ఉంది. ఈ ఊరి పాత పేరు ఎడెస్సా, సిరియాక్ భాషకు పుట్టిల్లు. అరామిక్ కుటుంబంలోది. కేరళలో సిరియన్ క్రైస్తవుల ప్రార్థనల్లో ఇప్పటికీ వినిపిస్తుంది.

గదిలో ఒక లేఖకుడు రాస్తున్నాడు. పలకరించకండి, వరస తప్పుతాడు. గదిని నేను ఊహిస్తున్నాను గానీ పనిని కాదు. 12వ శతాబ్దపు పాత్రియార్క్ మిఖాయేల్ సిరియాక్‌లో రాసిన ప్రపంచ చరిత్రకు, జాన్ బాప్టిస్ట్ షాబో అనే ఫ్రెంచి పండితుడి కోసం, ఈ ఊళ్లో నిజంగానే ప్రతి రాయించారు. అసలు పుస్తకం ఆయన చేతికి రాలేదు.

ఆ అసలు పుస్తకమే లేఖకుడి ఎదుట తెరిచి ఉంది. 1598లో అదే పేరున్న మరొకాయన, ఉర్బిష్ బిషప్ మిఖాయేల్, రాసిన ప్రతి. ఆయన చూసి రాసిన మాతృక ఇప్పుడు లేదు. దాని వెనకున్న మూలమూ లేదు. సిరియాక్ మూలంలో ఈ చరిత్ర ప్రపంచం మొత్తంలో మిగిలింది ఇక్కడే, ఈ అట్టల మధ్యే.

కాస్త వంగి పుటలోకి చూడండి. ఇది మామూలు పుట కాదు. పక్కపక్కన కాలమ్‌లు. ఒకదాంట్లో చర్చి సంగతులు, ఒకదాంట్లో రాజులూ యుద్ధాలూ, మూడోదాంట్లో భూకంపాలు, కరువులు, మిడతల దండులు, తోకచుక్కలు. అడుగున ఏలిన వాళ్ల ఏళ్ల పట్టికలు. ఒక చోట యుద్ధం కథ పెరిగి పక్క కాలమ్‌లోకి చొచ్చుకుపోతుంది. ఇంకో చోట చర్చి తగాదాలు పుట మొత్తం ఆక్రమిస్తాయి. ఈ అమరిక కుదరకపోతే ఏ సంఘటన ఏ సంవత్సరానిదో తెలియకుండా పోతుంది. అందుకే లేఖకుడు రాసే ముందు లెక్క చూసుకుంటున్నాడు: ఈ పుటలో ఎంత పడుతుంది, తర్వాతి పుటకు ఎంత నెట్టాలి.

రాత కుడి నుంచి ఎడమకు సాగుతోంది. గుండ్రటి సెర్తో లిపి. ఇందులో ‘ద’, ‘ర’ అక్షరాల ఆకారం ఒకటే. చుక్క కింద పెడితే ‘ద’, పైన పెడితే ‘ర’. అచ్చుల గుర్తులు చాలాచోట్ల ఉండవు. గ్రీకు చక్రవర్తి పేరో, టర్కీ అమీరు పేరో వచ్చిందంటే ఒక్క చుక్క మీద మనిషే మారిపోతాడు. రాసే ఆయన కునుకు తీస్తే ఆ తప్పును పారిస్‌లో ఒక పండితుడు రోజుల తరబడి విప్పుకోవాలి. అనువాదం కష్టం గురించి మాట్లాడేవాళ్లు ఈ చుక్క కష్టాన్ని ఎందుకో తక్కువగా తలుచుకుంటారు.

ఇప్పుడు ఆయన కలం యవనుల శకం 848 దగ్గరికి వచ్చింది. అంటే మన లెక్కలో 536–537. ఆ పుటలో సూర్యుడు మసకబారాడు. పద్దెనిమిది నెలలు అలాగే ఉన్నాడట. రోజుకు నాలుగు గంటలే వెలుతురు, అదీ నీడలాంటిదే. పండ్లు పండలేదు, ద్రాక్షసారా పులిసిపోయిన రుచి వచ్చింది. ధ్రువాల మంచుపొరలు తవ్వి చూసిన శాస్త్రవేత్తలకు ఆ కాలపు అగ్నిపర్వతాల ఆనవాళ్లు దొరికాయి. వాళ్ల వ్యాసాల్లో ఈ పుట ప్రస్తావన ఇప్పటికీ వస్తుంది.

ఆ సూర్యుణ్ణి చూసినవాడు మిఖాయేల్ పాత్రియార్క్ కాదు. ఆయన 1126లో మెలితేనెలో, అంటే ఇప్పటి మలాత్యాలో పుట్టి, 1166 నుంచి 1199లో చనిపోయేదాకా సిరియాక్ ఆర్థడాక్స్ చర్చికి పెద్దగా ఉన్నాడు. ఆరో శతాబ్దపు ఎఫెసు యోహాను రాసిన మాటలను తన పుస్తకంలోకి ఎత్తి రాసుకున్నాడు.

రండి, ఆయన దగ్గరికే వెళ్దాం. మెలితేనె దగ్గరి కొండల్లో బార్ సౌమా మఠం. 1183లో నిప్పంటుకుని కాలిపోయింది, మళ్లీ కడుతున్నారు. దక్షిణాన క్రూసేడర్లు. 1187లో జెరూసలేం సలాదీన్ చేతికి చిక్కిందన్న వార్త ఇక్కడికీ చేరింది. ఈ గొడవల మధ్య మిఖాయేల్ సృష్టి మొదలు 1195 దాకా మనుషుల కథను 21 భాగాలుగా రాస్తున్నాడు. తొమ్మిదో శతాబ్దపు పాత్రియార్క్ తెల్‌మహ్రే దియోనిసియస్ రాసిన చరిత్రలోంచి పుటలకు పుటలు తీసుకున్నాడు. దియోనిసియస్ పుస్తకం తర్వాత పోయింది. ఈనాడు దాన్ని చదవాలంటే ప్రధానంగా మిఖాయేల్‌ను చదవాల్సిందే. ఆయన్ను గొప్ప రచయిత అనలేను, గొప్ప ప్రతికారుడు అంటాను. ఇది చిన్న మాట కాదు.

1248లో వర్దాన్ అనే అర్మేనియన్ పండితుడు ఒక సిరియాక్ పూజారి సాయంతో దీన్ని తన భాషలోకి తెచ్చాడు. కుదించాడు, తనవాళ్లకు నచ్చేట్టు మార్చాడు కూడా. చాలాకాలం యూరప్‌కు ఆ కుదింపే తెలుసు. 1868లో లాంగ్‌ల్వా ఫ్రెంచి అనువాదం దాని మీదనే ఆధారపడింది.

ఉర్ఫా గదిలో పని ముగిసింది. సిరియాక్ లేఖకుల అలవాటు ప్రకారం చివర తమను పాపులమని చెప్పుకుని, ప్రార్థించమని చదువరిని కోరతారు. పని పూర్తయిన సంతోషాన్ని రేవు చేరిన నావికుడి సంతోషంతో పోల్చడమూ వాళ్లకు పరిపాటి. ప్రతి పారిస్ చేరింది. షాబో 1899 నుంచి 1910 దాకా నాలుగు సంపుటాలు అచ్చువేశాడు: మూడింట్లో ఫ్రెంచి అనువాదం, ఒకదాంట్లో ఆ లేఖకుడి రాతకు ఉన్నదున్నట్టు అచ్చు. మనం భుజం మీదుగా చూసిన దస్తూరీ ప్రపంచ గ్రంథాలయాల్లో అలా చేరింది.

అసలు పుస్తకానికి ఉర్ఫా నిలవలేదు. 1924లో అక్కడి సిరియాక్ కుటుంబాలు ఊరు విడిచి అలెప్పో వెళ్లాయి. పుస్తకమూ వాళ్లతో వెళ్లింది. సెయింట్ జార్జ్ చర్చిలో తాళం వేసిన పెట్టెలో పెట్టారు. పండితులు చూడాలంటే గగనమే. ఆ జాగ్రత్తను తప్పుపట్టలేను, ఊరే పోయినవాళ్లు పుస్తకాన్ని గట్టిగానే పట్టుకుంటారు. కానీ పెట్టె కాపాడింది ఒక్క ప్రతిని మాత్రమే.

అలెప్పో మెత్రాపొలీతన్ గ్రెగోరియోస్ యూహన్నా ఇబ్రహీం పెట్టె తెరిపించారు. రాతప్రతిని ఫొటోలు తీయించి, 2009లో అమెరికాలోని గోర్గియాస్ ప్రెస్ ద్వారా ఉన్నదున్నట్టు ప్రతిరూపంగా అచ్చువేయించారు. 2014లో మత్తీ మూసా ఇంగ్లీషు అనువాదం వచ్చింది, 2019లో చివరి భాగాలకు అమీర్ హర్రాక్ అనువాదమూ వచ్చింది. ఇప్పుడు ఆ పెట్టెకు ఏమైనా పుస్తకం పోదు.

ఫొటోలు తీయించిన ఇబ్రహీంను, ఆయనతో ఉన్న గ్రీకు ఆర్థడాక్స్ ఆర్చిబిషప్ బూలుస్ యాజిజీని 2013 ఏప్రిల్ 22న అలెప్పో దగ్గర సాయుధులు అపహరించారు. ఇద్దరూ తిరిగి రాలేదు.