పన్నెండు సాధనములు, ఆఱు దోషములు

కడప జిల్లాలో బద్వేలుకు ఉత్తరమున పోరుమామిళ్ళ యను ఊరున్నది. ఆ ఊరి చెరువును గూర్చిన శిలాశాసన మొకటి అచ్చట కలదు. సంస్కృత శ్లోకములలో నున్న ఆ శాసనము శక సంవత్సరము 1291, అనగా క్రీ. శ. 1369 నాటిది. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడని మఱియొక పేరు గలవాడు, ఉదయగిరి రాజ్యమును పాలించుచు ఈ చెరువును కట్టించినాడు. దానికి అనంతరాజ సాగరమని పేరు పెట్టినారు. దానములను, వంశములను పొగడు శాసనములు మన దేశమున వేలకొలది గలవు. చెరువును ఎట్లు కట్టవలెనో, ఎట్లు కట్టరాదో రాతిమీద చెక్కించిన శాసనములు మాత్రము బహు అరుదు. అందుచేతనే మేము ఈ ప్రసంగమునకు దీనిని ఎన్నుకొన్నాము.

పని జరిగిన తీరును కూడ శాసనము చెప్పుచున్నది. దినమునకు వేయిమంది కూలీలు కట్టమీద పనిచేసినారు. తూమునకు, గోడకు కావలసిన రాళ్ళను నూఱు బండ్లు తోలినవి. ఇట్లు రెండేండ్లు గడచినవి. రాజుగారి పేరు, బిరుదములు రాతిపై నిలచినవి కాని, ఆ వేయిమందిలో ఒక్కరి పేరైనను మనకు దక్కలేదు. ఇది ఆ కాలపు మర్యాద. మన కాలపు శంకుస్థాపన ఫలకములను చూచినవారు దీనికి అంతగా ఆశ్చర్యపడరు.

చెరువునకు వలసిన సాధనములు పన్నెండని శాసనకర్త లెక్కించినాడు. మొదటిది ధర్మపరుడు, ధనవంతుడు, కీర్తికాముడు అగు రాజు. కీర్తికాంక్షను దోషముగా గాక పనిముట్టుగా లెక్కించుటలో ఎంతో లోకానుభవ మున్నది. రెండవది జలశాస్త్రము నెఱిగిన పండితుడు. మూడవది గట్టి మట్టిగల నేల. నాల్గవది మూడు యోజనముల మేర ప్రవహించి వచ్చు తీయని నీటి ఏఱు. ఇచ్చట ఒక్క క్షణము ఆగవలెను. కట్ట వేయబోవు చోటును మాత్రమే చూచి తృప్తిపడక, నీరు ఎచ్చటినుండి ఎంతదూరము నడచి వచ్చుచున్నదో చూడుమని ఆయన చెప్పుచున్నాడు. నేటి ఇంజనీర్లు పరీవాహక ప్రాంతమని పిలుచునది ఇదియే.

పిమ్మట కొండల మాట వచ్చును. రెండు కొండల నడుమ రాతికట్టడముతో గట్టిగా, అతిదీర్ఘము కాకుండ ఆనకట్ట వేయవలెను. పోరుమామిళ్ళలో ఈ సూత్రమును పాటించిన జాడ నేటికిని కనబడును. అచ్చటి కట్ట కొండనుండి కొండకు వేసిన మట్టికట్టల వరుస. దానికి కడప బండల తొడుగు. పెద్ద పనిని కొండలే చేసినవి, మనుష్యులు సందులను మాత్రము పూడ్చినారు. లోతైన, విశాలమైన గర్భము, చేరువలో పొడవైన రాళ్ళు దొరకు గని, సమమైన సారవంతపు పొలములు, చివరకు కట్టుబడిలో ఆరితేరిన పనివాండ్ర గుంపు – ఇవి తక్కిన సాధనములలో ముఖ్యమైనవి. రాజుతో మొదలైన జాబితా పనివాండ్రతో ముగియుట మాకు నచ్చినది.

ఇక దోషములు ఆఱు. కట్ట ఊటపోవుట, నేల చవిటిదగుట, రెండు రాజ్యముల పొలిమేరలో నుండుట, చెరువు నడుమ తాబేటి వీపువలె మిట్ట యుండుట, నీరు కొద్దియై సాగుభూమి విస్తారమగుట, స్థలము కొద్దియై నీరు అధికమగుట. మూడవ దోషమును చదివి మేము నవ్వుకొన్నాము. కృష్ణాజలముల పంపకమునకై 1969లో ఒక ట్రిబ్యునలు ఏర్పడినది, 2004లో మఱియొకటి, 2014లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వేఱుపడిన పిదప అదే నీటినిగూర్చి మరల వాదములు మొదలైనవి. ఆఱువందల యేండ్లనాడు ఒకానొక పండితుడు పొలిమేర చెరువు వద్దని ఊరక వ్రాయలేదు.

చివరి రెండు దోషములు మాత్రము నవ్వుటకు వీలుకానివి. వానిని గూర్చి చెప్పుటకు ముందు చెరువు చేయు పని ఏదో చూడవలెను.

సముద్రపు నీటిని ఆవిరిగా ఎత్తువాడు సూర్యుడు. ఆ ఆవిరిని గాలి మోసికొని వచ్చి కొండలమీద కురిపించును. కురిసిన నీరు పల్లమునకు పరుగెత్తును. ఆ పరుగును కట్టతో ఆపి, తూముద్వారా కొంచెము కొంచెముగా విడుచుటయే చెరువు. దీనికి కట్టెలు వలదు, బొగ్గు వలదు, మోటారు వలదు. నీటిని ఎత్తు శక్తి అంతయు ఎండదే, దించు శక్తి అంతయు భూమ్యాకర్షణదే. అంతేకాదు, నిలచిన నీరు నేలలో ఇంకి కట్టదిగువ బావులను నింపును. సాలున సుమారు 700 మిల్లీమీటర్ల వాన, అదియు కొద్ది దినములలో కురియు సీమలో, ఇంతకంటె చవుకైన ఉపాయము లేదు.

ఉపాయము చవుకయే కాని, పోషణ చవుక కాదు. ఏటేట పూడిక తీయవలెను, గండ్లు పూడ్చవలెను, మరవను చూచుకొనవలెను. అందుకై రాయలసీమలో దశబంధమను ఏర్పాటుండెడిది. చెరువు కట్టినవానికి, బాగుచేసినవానికి ఆయకట్టులో కొంత భూమియో, ఆదాయములో పదవవంతో ఇచ్చి, మరమ్మతుల భారమును అతనిపై నుంచెడివారు. నీటి పంపకమును నీరుగంటి చూచెడివాడు. ఇది సమత్వపు లోకమని మేము చెప్పుట లేదు. తూముదగ్గఱి పొలమునకు, చివరి పొలమునకు నడుమ తగవు చెరువంత పాతది. అయినను చెరువు ఎవరి బాధ్యతయో ఊరివారికి తెలిసియుండెడిది. ఆంగ్ల ప్రభుత్వకాలమున ఆ ఏర్పాటు క్రమముగా సడలినది. 1876–78 నాటి మహాక్షామమున ఈ సీమ పడిన బాధ చరిత్రకెక్కినది.

ఇరువదవ శతాబ్దపు నడుమ ఆయిలింజన్లు, పిమ్మట కరెంటు మోటార్లు వచ్చినవి. రైతు కట్టమీద ఆధారపడుట మాని నేలక్రిందికి దిగినాడు. అతనిని తప్పు పట్టలేము. పూడిన చెరువును బాగుచేయించుట అతని చేతిలో లేదు, బోరు వేయించుట అతని చేతిలోనిది. కొన్ని దశాబ్దములలో తెలుగునేలపై బావుల సాగు చెరువుల సాగును మించిపోయినది. 2004లో ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చినది. నీరు ఎంత లోతునకు దిగినను, దానిని ఎత్తు ఖర్చు రైతునకు కనబడదు. కనబడని ఖర్చు మఱియొకచోట చెల్లుచున్నది. కడప జిల్లాలోనే ముద్దనూరువద్ద 1994లో మొదటి యూనిట్ నడచిన థర్మల్ కేంద్రము ఏర్పడినది. వానను దించుకొని సాగుచేసిన సీమకు ఇప్పుడు నీరెత్తుటకై రైళ్ళమీద బొగ్గు రావలసి వచ్చినది.

బొగ్గు మండగా పుట్టు బొగ్గుపులుసు వాయువు భూమి వేడిని పట్టియుంచునని టిండాల్ ప్రయోగములు 1859 ప్రాంతముననే సూచించినవి. ఆ వాయువు హెచ్చిన భూమి ఎంత వేడెక్కునో స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు అరీనియస్ 1896లో లెక్కకట్టినాడు. హవాయి దీవిలోని మౌనా లోవా శిఖరముపై 1958లో కొలతలు మొదలైనపుడు గాలిలో పదిలక్షల పాళ్ళకు సుమారు 315 పాళ్ళున్న ఆ వాయువు నేడు 420 దాటినది. భారతదేశపు సగటు ఉష్ణోగ్రత 1901 మొదలు 2018 లోపల సుమారు 0.7 డిగ్రీలు పెరిగినదని మన భూవిజ్ఞాన మంత్రిత్వశాఖ 2020లో ప్రకటించినది.

దీనికిని చెరువునకును సంబంధమేమన, ఒక డిగ్రీ వేడెక్కిన గాలి సుమారు నూటికి 7 పాళ్ళు ఎక్కువ ఆవిరిని పట్టగలదు. కాబట్టి కురిసినపుడు కుండపోత, కురియనపుడు నేలలోని తడినికూడ పీల్చుకొను ఎండ. శాసనమునందలి ఐదవ దోషమును, ఆఱవ దోషమును వేర్వేఱు చెరువులకు చెప్పినవి. ఒకే చెరువునకు ఒకే సంవత్సరమున రెండును పట్టు కాలము వచ్చినది.

అట్టి దినమును కడప జిల్లా చూచినది. 2021 నవంబరు 19 తెల్లవారుజామున, ఎడతెగని వానలకు చెయ్యేరు పొంగి, అన్నమయ్య జలాశయపు మట్టికట్ట కొట్టుకొనిపోయినది. దిగువనున్న పులపత్తూరు, మందపల్లి మొదలగు గ్రామములు మునిగినవి. పలువురు ప్రాణములు కోల్పోయినారు. కరవుసీమ యని మనము వాడుకగా అను చోట ఇది జరిగినది. స్థలము కొద్ది, నీరధికము.

పాత చెరువులను బాగుచేయు పని మరల మొదలైనది. 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ పేరిట వేలకొలది చెరువుల పూడిక తీసినారు. ఆ మట్టిని రైతులు పొలములకు తోలుకొన్నారు. కర్నూలు జిల్లాలో 2017 నాటికి వేయి మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము వెలసినది. బొగ్గునకు బదులు ఎండతోనే మోటారు తిరుగుట మంచిదే. అయితే ఎండతో తిరుగు మోటారైనను బోరులో లేని నీటిని పుట్టింపలేదు; బిల్లు లేదు గనుక పగలంతయు తిరుగుచునే యుండును.

పూడిక తీయుట కంటికి కనబడు పని. గర్భము లోతగును, ఫోటోలలో చక్కగా కనబడును. శాసనమునందలి నాల్గవ సాధనము కంటికి అంతగా ఆనదు. వాగుదారిలో తోట వేసినచోట, ఇండ్ల స్థలములు గీసినచోట, వానకాలమున నీరు చెరువునకు చేరక ప్రక్కదారిని ఊరిలోనికి వచ్చుచున్నది. పోరుమామిళ్ళ కట్టమీద నిలచినపుడు మేము మొదట చూచినది చెరువును. మాతో వచ్చిన పెద్దరైతు చూపినది మాత్రము పైనున్న కొండలను. ఏ కొండమీద మబ్బు కమ్మిన ఏ జామునకు నీరు దిగునో ఆయనకు లెక్క తెలియును. ఈ మధ్య ఆ లెక్క తప్పుచున్నదని ఆయన చెప్పినాడు.