విజయపురి ప్రభువు వీరపురుషదత్తుడు

బౌద్ధచరిత్రలో రాజును ధర్మానికి మూలస్తంభంగా వర్ణించడం పరిపాటి. కొరియాలోని సిల్లా రాజ్యాన్ని క్రీ.శ. 514 నుండి 540 వరకు ఏలిన బొప్‌హంగ్ పేరులోనే ధర్మాభ్యుదయమనే అర్థమున్నది. ప్రభువర్గం ప్రతిఘటించగా, 527లో ఇచాదోన్ అనే రాజసేవకుని ప్రాణత్యాగంతో అక్కడ ధర్మానికి రాజామోదం లభించిందని సంప్రదాయం. అంతకు రెండు శతాబ్దాలకు పైగా పూర్వమే మన కృష్ణాతీరాన నడిచిన చరిత్ర వేరొక తీరుగలది.

క్రీ.శ. 3వ శతాబ్దిలో విజయపురిని ఏలిన ఇక్ష్వాకు ప్రభువు మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు. ఆయన తండ్రి వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధయాజి, మహాసేనభక్తుడు. అటువంటి వైదిక రాజగృహం నుండే నాగార్జునకొండ మహాచైత్యానికి దాతలు వెలువడ్డారు. వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరంలో, ఆయన మేనత్త శాంతిశ్రీ దానంతో, ఆనందుడనే భిక్షువు పర్యవేక్షణలో ఆ నిర్మాణం పూర్తయింది. ఉజ్జయిని రాజపుత్రి రుద్రధర భట్టారిక కూడా అక్కడ స్తంభం నిలిపింది. ఆమె పుట్టిల్లు గుజరాతును, మాళవాన్ని ఏలిన పశ్చిమ క్షాత్రపుల వంశమని చరిత్రకారులు భావిస్తారు.

14వ పాలనా సంవత్సరపు శాసనం మరింత విలువైనది. అందులోని దాత రాణి కాదు; బోధిశ్రీ అనే ఉపాసిక. తామ్రపర్ణి స్థవిరుల కోసం ఆమె చైత్యగృహం కట్టించింది. సింహళ విహారంలో బోధివృక్షానికి ఆలయం, పూర్వశైలంలో తటాకం, కంటకశైలంలో శిలామండపం సమర్పించింది. ఆ స్థవిరులు ధర్మం వినిపించిన దేశాల జాబితాలో కాశ్మీరం, గాంధారం, చీనాలతోపాటు అపరాంతం కూడా ఉన్నది. అపరాంతమంటే పడమటి సముద్రతీర దేశం. మనం మగ్గాల నడుమ జీవిస్తున్న ఈ తాపీతీరానికి అది చేరువ.

వీరపురుషదత్తుని ఘనత తక్కువది కాదు. తండ్రి మార్గం వేరైనా, తన ఏలుబడిలో ఇంటి స్త్రీలూ ఊరి గృహస్థులూ తమకు నచ్చిన ధర్మాన్ని ఆశ్రయించగలిగారు. అయితే శాసనాలలో రాజు పేరు కాలాన్ని చెబుతుంది. పుణ్యకార్యం మాత్రం దాతల పేరిటే నిలిచింది.

ఇక్ష్వాకుల రాజ్యం అంతరించింది. విజయపురి లోయ నాగార్జునసాగర్ జలాలలో మునిగింది. ముంపుకు ముందు 1954 నుండి 1960 వరకు సాగిన తవ్వకాలు ఎంతో సంపదను వెలికితీశాయి. కొండపై మ్యూజియంలో ఆ శిల్పాలు నేడూ నిలిచి ఉన్నాయి. ధర్మస్వీకారానికి రాజానుగ్రహం కోసం వేచి ఉండనక్కరలేదని బోధిశ్రీ చాటింది. పరప్రాంతంలో విహారం నిలుపుకోదలచిన మనకు ఆమె శాసనమే ఆదర్శం.