దీర్ఘకాలిక వ్యాధుల మందులచీటీ: పునర్వినియోగ సమస్యలు – చారిత్రక పరిశీలన (తుర్కపల్లి నేపథ్యంలో)

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు ఉత్తరపు శివార్లలో, కరీంనగర్ వైపు సాగే రాజీవ్ రహదారి సమీపాన ఉన్న తుర్కపల్లి పేరు ఔషధ పరిశ్రమ చరిత్రలో జీనోమ్ వ్యాలీతో ముడిపడి ఉంది. 1996లో స్థాపితమైన భారత్ బయోటెక్, 1999లో మొదలైన ఐసీఐసీఐ నాలెడ్జ్ పార్కు (నేటి ఐకేపీ నాలెడ్జ్ పార్కు) ఈ పరిసరాలను టీకాల తయారీకి, జీవశాస్త్ర పరిశోధనకు కేంద్రంగా మార్చాయి. 2021 జనవరిలో అత్యవసర వినియోగానికి అనుమతి పొందిన కోవాక్సిన్ ఈ సంస్థదే.

టీకా లెక్కపెట్టిన మోతాదులతో ముగుస్తుంది. రక్తపోటు, మధుమేహం, మూర్ఛ వంటి వ్యాధుల మందులకు ఆ ముగింపు లేదు. ‘బీపీ గోలీ’, ‘షుగర్ గోలీ’ నెలనెలా తెచ్చుకోవలసినవి. వాటికి ఆధారమైన చీటీ మాత్రం ఏదో ఒక రోజు, ఏదో ఒక పరీక్ష తరువాత రాసినది. ఆ పాత చీటీ కొత్త నెలలో ఎంతవరకు చెల్లుతుంది? దానికి బాధ్యులెవరు? ఈ ప్రశ్నలకు చట్టం, వైద్యం, ప్రభుత్వ కార్యక్రమాలు వేర్వేరు కాలాలలో ఇచ్చిన సమాధానాలను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. చట్టం దృష్టిలో చీటీ

బ్రిటిష్ ఇండియాలో కల్తీ, నాసిరకం మందులపై విచారణకు కర్నల్ రామ్‌నాథ్ చోప్రా అధ్యక్షతన 1930లో ఏర్పడిన సంఘం 1931లో నివేదిక సమర్పించింది. ఆ చర్చల ఫలితంగా 1940లో ఔషధ చట్టం, 1945లో దాని నియమావళి వచ్చాయి. 1948 నాటి ఫార్మసీ చట్టం వైద్యుని చీటీపై మందులిచ్చే పనిని నమోదైన ఫార్మసిస్టులకు పరిమితం చేసింది. అంతకుముందు ఆ పనిలో ఎక్కువగా కనిపించిన వ్యక్తి కంపౌండరు. సీసాలో మిక్శ్చరు కలిపి, మోతాదులు తెలిసేలా పక్కన కాగితపు గుర్తు అంటించి ఇవ్వడం ఆనాటి పద్ధతి. సీసా ఖాళీ అయితే రోగి మళ్ళీ వైద్యుని దగ్గరకే వచ్చేవాడు.

నియమావళిలోని 65వ నియమం పాత చీటీ ప్రశ్నకు స్పష్టమైన సమాధానమే ఇస్తుంది. చీటీపై వైద్యుని సంతకం, తేదీ, రోగి పేరు, చిరునామా, మందు మొత్తం పరిమాణం, మోతాదు ఉండాలి. ఒకటి కంటే ఎక్కువసార్లు ఇవ్వవచ్చునని వైద్యుడు స్వయంగా రాస్తే తప్ప, ఆ చీటీపై రెండోసారి మందు ఇవ్వరాదు. ఎన్నిసార్లు, ఎంత వ్యవధిలో ఇవ్వాలో రాసి ఉంటే దానికి కట్టుబడాలి. ఇచ్చిన ప్రతిసారీ దుకాణం పేరు, చిరునామా, తేదీ ఆ చీటీమీదే నమోదు కావాలి. రక్తపోటుకు విరివిగా వాడే అమ్లోడిపిన్, అటెనొలాల్ వంటివి ఈ నియంత్రణ వర్తించే హెచ్ షెడ్యూలులో ఉన్నాయి.

కాబట్టి చట్టం పునర్వినియోగాన్ని నిషేధించలేదు. దానిని వైద్యుడు రాసే ఒక్క వాక్యానికి వదిలింది. సమస్య మొదలైనది ఆ వాక్యం దగ్గరే.

3. నియమావళి తరువాత వచ్చిన మాత్రలు

1945 నాటికి జీవితాంతం రోజూ వాడే మందులు లేకపోలేదు. 1922 నుంచి వాడుకలోకి వచ్చిన ఇన్సులిన్ అందుకు ఉదాహరణ. అయితే సాధారణ కుటుంబంలో నిత్యకృత్యంగా మారిన మాత్రలు ఆ తరువాతివి. మధుమేహానికి టోల్బుటమైడ్, మెట్‌ఫార్మిన్ 1950ల మధ్యభాగం తరువాత, రక్తపోటుకు క్లోరోథయజైడ్ 1958లో విదేశీ మార్కెట్లలోకి వచ్చాయి. చట్టం మినహాయింపుగా భావించిన పునర్వినియోగం ఈ మాత్రలతో సాధారణ స్థితిగా మారింది. చీటీ రూపం మాత్రం మారలేదు. నెలకు సరిపడా మందు, ‘మళ్ళీ చూపించుకోవాలి’ అన్న సూచన, ఒక సంతకం: ఇవే మిగిలాయి.

ఫలితంగా రెండు వ్యతిరేక ప్రమాదాలు ఏర్పడ్డాయి. మొదటిది మందు ఆగిపోవడం. సంప్రదింపు రుసుము, ప్రయాణం, ఒక రోజు కూలి కలిసి మాత్రల ధరను మించినప్పుడు రోగి మందు మానేస్తాడు. మూర్ఛ మందు హఠాత్తుగా మానితే ఫిట్స్ తిరగబెట్టవచ్చు. అదుపులో లేని రక్తపోటు పక్షవాతానికి దారితీయవచ్చు. రెండవది మందు అదుపు లేకుండా సాగిపోవడం. పాత చీటీ, లేదా ఖాళీ మాత్రల అట్ట చూపితే మందు దొరికే చోట మోతాదును సమీక్షించేవారు ఉండరు. మూత్రపిండాల పనితీరు తగ్గినా, బరువు మారినా పాత మోతాదే కొనసాగుతుంది. స్టిరాయిడ్ల విషయంలో ఈ ధోరణి మరింత హానికరం.

బ్రాండు పేర్లు దీనికి తోడవుతాయి. హెచ్ షెడ్యూలు మందుకు బదులుగా, అదే ఔషధమున్న మరో తయారీని కూడా ఇవ్వరాదని నియమం. అయినా రోగి మందును గుర్తుపట్టేది తరచుగా రంగు, ఆకారాలతోనే. ప్రభుత్వ కేంద్రంలో ఇచ్చిన మాత్ర, ప్రైవేటు వైద్యుడు రాసిన మాత్ర ఒకే ఔషధమని తెలియక రెండూ వేసుకునే అవకాశం ఉంది. జనరిక్ పేర్లను స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాలలో రాయాలని 2016లో భారత వైద్య మండలి నిబంధనలు సవరించడం ఈ నేపథ్యంలోనే అర్థవంతమవుతుంది.

4. ముప్పై రోజుల లెక్క

అంటువ్యాధులు కాని రోగాలకు జాతీయ కార్యక్రమం 2010లో మొదలైంది. 2017 నవంబరులో ప్రారంభమైన భారత అధిక రక్తపోటు నియంత్రణ కార్యక్రమం తొలి దశలో చేరిన అయిదు రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. నిర్ణీత ఔషధక్రమం, కనీసం 30 రోజుల మందు, రోగికి కార్డు, తరువాతి సందర్శన తేదీ, రానివారిని గుర్తించి పిలిపించడం దీని అంగాలు. చరిత్రదృష్ట్యా ఇక్కడ ఒక కీలకమైన మార్పు ఉంది. చీటీ చేసిన పనిని కార్డు, రిజిస్టరు స్వీకరించాయి. మందు తీసుకోవడానికి రాని వ్యక్తి తొలిసారిగా లెక్కలో కనిపించాడు.

అయితే ఈ లెక్క ప్రభుత్వ కేంద్రానికి వచ్చేవారికే వర్తిస్తుంది. ప్రైవేటు వైద్యుని చీటీతో దుకాణానికి వెళ్ళే వ్యక్తి ఏ రిజిస్టరులోనూ ఉండడు. అతడు మందు మానినా పిలిచేవారు లేరు.

5. 2020: చీటీకి జిల్లా సరిహద్దు

కోవిడ్ లాక్‌డౌన్ ఈ లోపాన్ని బహిర్గతం చేసింది. 2020 మార్చి 25న వెలువడిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు పాత రోగులకు దూరంనుంచే మందులు తిరిగి రాయడాన్ని గుర్తించాయి. మరునాడు కేంద్రం మందులను ఇంటికి చేర్చడానికి అనుమతించింది. అందులో రెండు షరతులున్నాయి. దీర్ఘవ్యాధి చీటీని రాసిన 30 రోజుల లోపు చూపాలి. దుకాణం ఉన్న రెవెన్యూ జిల్లాలోనే మందు చేర్చాలి.

తుర్కపల్లి విషయంలో రెండో షరతు ప్రత్యేకమైనది. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో శామీర్‌పేట ప్రాంతం రంగారెడ్డి నుంచి కొత్త మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో చేరింది. ఈ ప్రాంత ప్రజలు పెద్ద వైద్యానికి చూసే సికింద్రాబాదు, గాంధీ ఆసుపత్రి హైదరాబాదు జిల్లాలోనివి. అంటే చీటీ రాసిన ఆసుపత్రి పక్కనున్న దుకాణం ఆ ఉత్తర్వు ప్రకారం తుర్కపల్లికి మందు చేర్చజాలదు. అదే కాలంలో గాంధీ ఆసుపత్రి కోవిడ్ రోగులకే ప్రత్యేకమైంది. ప్రపంచానికి టీకా రూపొందుతున్న ఊరికి నెలవారీ మాత్ర జిల్లా గీత దాటి రాలేని పరిస్థితిని నియమమే కల్పించింది.

6. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతాయి.

1) పాత చీటీ సమస్యకు మూలం చట్టంలో శూన్యం కాదు. చట్టం కల్పించిన అవకాశం ఆచరణలో వాడుకలోకి రాకపోవడమే. ‘ఇన్ని నెలలు, ఇంత వ్యవధిలో’ అన్న వాక్యం చీటీపై ఉంటే ఫార్మసిస్టుకు అధికారం, రోగికి భరోసా, సమీక్షకు గడువు ఒకేసారి లభిస్తాయి.

2) ఇంగ్లండులో 2005 నుంచి ఒకే అనుమతిపై గరిష్ఠంగా ఏడాదిపాటు విడతలవారీగా మందులివ్వడం మందుల దుకాణాల సేవలలో భాగమైంది. ప్రతి విడతలో ఫార్మసిస్టు రోగి స్థితిని విచారిస్తాడు. అక్కడ రోగి ఒక వైద్యుని జాబితాలో నమోదై ఉంటాడు. ఇక్కడ ఆ నమోదు లేనందువల్ల ఆ నమూనాను యథాతథంగా అనుకరించడం కుదరదు.

3) 2021లో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ప్రభుత్వ కార్డును, ప్రైవేటు చీటీని ఒకే నమోదులోకి తేగలిగితేనే మందు మానిన వ్యక్తి ఉభయులకూ కనిపిస్తాడు.

మందు కనిపెట్టడం, తయారుచేయడం ఒక చరిత్ర. అది ప్రతి నెలా రోగి చేతికి చేరడం మరొక చరిత్ర. మొదటిదానికి తుర్కపల్లి పరిసరాలలో కర్మాగారాలు, పరిశోధనాలయాలు సాక్ష్యంగా నిలిచాయి. రెండవదానికి మడతలుపడిన చీటీలు, ఖాళీ మాత్రల అట్టలే ఆధారాలు. ప్రజారోగ్య చరిత్ర పరిశోధకులు వాటిని కూడా పత్రాలుగా గుర్తించవలసి ఉంది.