పడవ ట్రైలర్ లాగుటకు పాత ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కు మార్పులు

పడవ ట్రైలర్ లాగుటకు పాత ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కును మార్చుట అనగా, నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందగల పాత పికప్ వాహనానికి తగిన హిచ్, బ్రేకులు, గేర్లు, శీతలీకరణ పరికరాలు అమర్చి, ట్రైలర్ పై ఉన్న పడవను రోడ్డుపై లాగుటకు, రేవు వద్ద నీటిలోకి దించుటకు, తిరిగి పైకి తెచ్చుటకు అనువుగా చేయడం. ఈ పని అమెరికా సంయుక్త రాష్ట్రాలు, కెనడా, ఆస్ట్రేలియా దేశాలలో ఎక్కువగా కనిపిస్తుంది. అక్కడ చాలామంది చిన్న పడవను ఇంటివద్దనే ఉంచుకొని, సెలవు రోజున సరస్సుకో సముద్ర తీరానికో లాక్కొని వెళ్తారు. తెలుగు పల్లెలలో ట్రాక్టరు వెనుక తగిలించే తొట్టిని ట్రక్కు అనడం కలదు. ఈ వ్యాసంలో ట్రక్కు అనగా అమెరికా వాడుకలోని పికప్, అంటే వెనుక తెరచిన తొట్టి గల వాహనం.

ఉదాహరణకు తీసుకొన్న వాహనం

టయోటా సంస్థ 1979లో తన హైలక్స్ పికప్ కు ఫోర్ వీల్ డ్రైవ్ రూపాన్ని ప్రవేశపెట్టినది. ఉత్తర అమెరికాలో హైలక్స్ అనే పేరు 1970లలోనే వదిలివేయబడి, 1995లో టకోమా వచ్చేవరకు దీనిని కేవలం టయోటా పికప్ అనే పేరుతో అమ్మినారు. 1985లో విడుదలైన "బ్యాక్ టు ది ఫ్యూచర్" చలనచిత్రంలో కథానాయకుడు కోరుకొనే నల్లని వాహనం ఇదే. 1985 వరకు దీని ముందు ఇరుసు ఏకఖండముగా ఉండేది. 1986 నమూనా నుండి ముందు చక్రాలకు విడివిడి సస్పెన్షన్ అమర్చబడినది. ఇందులోని 22ఆర్-ఇ అనే 2.4 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజను మన్నికకు పేరు పొందినది. అయితే దాని గరిష్ఠ శక్తి సుమారు 116 అశ్వశక్తి మాత్రమే. మన్నిక వేరు, లాగే శక్తి వేరు అన్న సంగతి ఈ వాహనం విషయంలో తరచూ మరచిపోతుంటారు.

బరువు లెక్క

మార్పులకు ముందు చేయవలసిన పని తూకం. పడవ తయారీదారు ప్రకటించే బరువులో సాధారణంగా ఇంధనం, బ్యాటరీలు, లంగరు, సామాను, ట్రైలర్ చేరి ఉండవు. ఇంజనుతో కలిపి 900 కిలోలు ఉన్న ఒక ఫైబర్ గ్లాస్ పడవను ఊహిద్దాం. ట్రైలర్ 300 కిలోలు, 80 లీటర్ల పెట్రోలు సుమారు 60 కిలోలు, ఇతర సామాను 140 కిలోలు కలిపితే మొత్తం 1400 కిలోలు అవుతుంది.

ఇందులో కొంత భాగం నేరుగా ట్రక్కు వెనుక భాగంపై పడును. దీనిని ట్రైలర్ నాలుక బరువు అంటారు. సాధారణ ట్రైలర్లకు మొత్తం బరువులో 10 నుండి 15 శాతం ఉండవలెనని చెబుతారు. పడవ ట్రైలర్లకు ఇంతకంటే కొంత తక్కువను సూచించే తయారీదారులు ఉన్నారు. మరీ తక్కువైతే వేగం పెరిగినప్పుడు ట్రైలర్ అటూ ఇటూ ఊగుట మొదలై, చివరకు ట్రక్కునే పల్టీ కొట్టించగలదు.

పై ఉదాహరణలో 10 శాతం చొప్పున 140 కిలోలు, అనగా రెండు ధాన్యం బస్తాలకు కాస్త తక్కువ. కాని ఈ బరువు వెనుక ఇరుసుకు 1.2 మీటర్ల వెనుక వేలాడును. ఇరుసుల మధ్య దూరం 2.6 మీటర్లు అనుకొంటే, తులాదండ సూత్రం ప్రకారం వెనుక ఇరుసుపై సుమారు 205 కిలోలు పెరిగి, ముందు ఇరుసుపై 65 కిలోలు తగ్గును. ముందు చక్రాలు తేలికైతే స్టీరింగు పట్టు, బ్రేకు పట్టు రెండూ తగ్గును.

పాత ట్రక్కుల లాగుడు సామర్థ్యపు అంకెలను పోల్చుటలో జాగ్రత్త అవసరం. ఈ సామర్థ్యాన్ని కొలుచుటకు జె2807 అనే ఉమ్మడి ప్రమాణం 2008లో ప్రచురితమైనది. అంతకుముందు ప్రతి సంస్థ తన సొంత పద్ధతిలో లెక్క కట్టేది. పైగా ఆ అంకెలు కొత్త వాహనానికి చెందినవి, 30 ఏళ్ల తుప్పుకు చెందినవి కావు.

ఛాసిస్, హిచ్

పాత ట్రక్కుల వెనుక బంపరులో ట్రైలర్ గుండును బిగించుటకు రంధ్రం ఉండవచ్చును. తేలికపాటి పడవకు అది సరిపోయినా, బరువైన వాటికి ఛాసిస్ దూలాలకే బోల్టులతో బిగించే రిసీవర్ హిచ్ వాడవలెను. అమెరికాలో రెండవ తరగతి హిచ్ 3500 పౌన్ల వరకు (సుమారు 1590 కిలోలు) లాగగలదు. హిచ్ ఎంత గట్టిదైనా ట్రక్కు సామర్థ్యాన్ని పెంచదు. గుండు వ్యాసం ట్రైలర్ కప్పుకు సరిగ్గా సరిపోవలెను. రెండు అంగుళాల కప్పును 1 7/8 అంగుళాల గుండుపై పెట్టినా బిగిసినట్లే కనిపిస్తుంది, కాని గతుకు వచ్చినప్పుడు ఊడిపోతుంది.

హిచ్ బిగించుటకు ముందు ఛాసిస్ ను సుత్తితో తట్టి చూడడం ఒక పాత పద్ధతి. గట్టి ఉక్కు గణగణమని మోగును, లోపల తిన్నది మొద్దుగా పలుకును.

కమాన్లు, ఎత్తు

వెనుక కమాన్లు కుంగితే అదనపు పట్టీ చేర్చడం లేదా గాలి సంచులు అమర్చడం కలదు. ఇవి వాహనాన్ని సమంగా నిలుపుతాయే గాని, అనుమతించిన గరిష్ఠ బరువును పెంచవు. పాత ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కులు చాలావరకు ముందు యజమానుల చేత ఎత్తు పెంచబడి ఉంటాయి. అప్పుడు ట్రైలర్ ముందు భాగం పైకి లేచి, దాని బరువు వెనక్కి జరుగును. దీనికి కిందకు వంగిన గుండు కడ్డీని వాడి ట్రైలర్ ను సమతలంగా నిలపవలెను.

ఇక్కడ కనిపించని చిక్కు ఒకటి ఉన్నది. 1980ల నాటి టయోటా పికప్ లలో చాలావాటికి వెనుక ఇరుసుకు, ఛాసిస్ కు మధ్య ఒక కడ్డీతో పనిచేసే బ్రేకు కవాటం ఉండును. వెనుక భాగం కుంగితే బరువు ఉన్నదని గ్రహించి వెనుక బ్రేకులకు ఒత్తిడి పెంచడం దాని పని. ఎత్తు పెంచినా, కమాన్లు గట్టిపరచినా, బండి ఖాళీగా ఉన్నదని భ్రమపడి అది వెనుక బ్రేకులను తగ్గించివేయును. బరువు లాగుటకు చేసిన మార్పే బ్రేకును బలహీనపరచడం ఇందులోని వైచిత్రి. కడ్డీని తగినట్లు సర్దుట తప్పనిసరి.

గేర్లు, టైర్లు

పెద్ద టైర్లు వేసినకొద్దీ గేరు నిష్పత్తి తగ్గినట్లే. 29 అంగుళాల టైర్లతో 3.73 నిష్పత్తి గల ఇరుసుకు 33 అంగుళాల టైర్లు వేస్తే, ఫలితం 3.28 నిష్పత్తి ఉన్నట్లుగా ఉండును. పూర్వపు లాగుడు తిరిగి రావలెనంటే సుమారు 4.24 కావలెను, అంటే దొరికేవాటిలో 4.10 గాని 4.56 గాని ఎంచుకోవలెను. ఫోర్ వీల్ డ్రైవ్ లో ముందు, వెనుక ఇరుసులు రెండింటి నిష్పత్తినీ ఒకేలా మార్చవలెను. లేనిచో నాలుగు చక్రాలను కలిపిన వెంటనే అవి ఒకదానితో ఒకటి పెనుగులాడి గేర్లు విరుగును. ఖర్చు రెట్టింపు కావడానికి కారణం ఇదే. చిన్న టైర్లకు తిరిగి రావడం చౌక, చాలాసార్లు మంచిది కూడా.

శక్తి అవసరాన్ని ఇలా ఊహించవచ్చును. ట్రక్కు, ట్రైలర్ కలిపి 3000 కిలోలై, 6 శాతం ఎత్తును గంటకు 80 కిలోమీటర్ల వేగంతో ఎక్కవలెనంటే, ఎక్కుడుకే సుమారు 53 అశ్వశక్తి కావలెను. గాలి నిరోధం, టైర్ల నిరోధం దీనికి అదనం. కావున 22ఆర్-ఇ ఇంజనుతో కొండ ఎక్కేవారు నిదానంగా కుడి వరుసలో పోవుటకు సిద్ధపడవలెను (అమెరికాలో నెమ్మది వాహనాలు కుడివైపు వెళ్తాయి).

చల్లబరచుట

ఆటోమేటిక్ గేరుపెట్టె గల వాహనాలలో లాగుడు వేడి ముందుగా గేరు నూనెను దెబ్బతీయును. రేడియేటర్ ముందు చిన్న అదనపు నూనె కూలర్, ఒక ఉష్ణోగ్రత మీటరు అమర్చడం తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితమిచ్చే మార్పు. పాత రేడియేటర్, గొట్టాలు, ఫ్యాన్ క్లచ్ కూడా పరీక్షించవలెను.

బ్రేకులు, దీపాలు

అమెరికాలోని చాలా రాష్ట్రాలలో ట్రైలర్ 3000 పౌన్లు దాటితే దానికి సొంత బ్రేకులు ఉండవలెను.  పడవ ట్రైలర్లకు ఎక్కువగా సర్జ్ బ్రేకులు వాడతారు. ట్రక్కు వేగం తగ్గినప్పుడు ట్రైలర్ ముందుకు తోసుకొనివచ్చే ఒత్తిడితోనే అవి పనిచేస్తాయి. నీట మునిగే విద్యుత్ భాగాలు లేకపోవడం వాటి సౌలభ్యం. అయితే వెనక్కి నడిపేటప్పుడు కూడా అవి పట్టుకొనవచ్చును గనుక, వెనుక గేరు దీపపు తీగతో బ్రేకును విడిపించే ఏర్పాటు చేస్తారు. మామూలు బల్బులు వేడిగా ఉన్నప్పుడు నీట మునిగితే పగులును. రేవులో దిగేముందు దీపాల తీగ ఊడదీయుట ఇందుకే.

రేవు వాలు వద్ద

ఫోర్ వీల్ డ్రైవ్ విలువ రోడ్డుమీద కంటే ఇక్కడే తెలియును. రేవు వాలు సాధారణంగా 12 నుండి 15 శాతం ఉండును. ట్రక్కు వెనక్కి దిగినప్పుడు వెనుక చక్రాలు నీటి అంచున, నాచు పట్టిన కాంక్రీటుపై ఉంటాయి. ముందు చక్రాలు మాత్రం పొడినేలపై నిలుస్తాయి. వెనుక చక్రాలకే శక్తి అందితే అవి జారి గిర్రున తిరుగును. నాలుగు చక్రాలను కలిపి, లో రేంజ్ గేరులో నెమ్మదిగా లాగితే బండి తేలికగా పైకి వచ్చును. పాత ట్రక్కులలో ముందు చక్రాల హబ్ లను చేతితో తిప్పి బిగించవలసి ఉంటుంది. ఈ పని వాలు దిగకముందే చేయవలెను.

నిలిపి ఉంచుట ఇంకా ముఖ్యం. ఆటోమేటిక్ వాహనంలో పార్క్ గేరు చక్రాలను పట్టదు, గేరుపెట్టె నుండి వచ్చే కడ్డీని మాత్రమే పట్టును. టూ వీల్ డ్రైవ్ లో ఉంటే ఆ పట్టు వెనుక చక్రాలకే చేరును, అవేమో నాచుపై ఉన్నవి. ట్రాన్స్‌ఫర్ కేసు న్యూట్రల్ లో ఉంటే ఏ చక్రానికీ పట్టు ఉండదు, పార్క్ లో పెట్టినా బండి జారిపోవును. పాత ట్రక్కుల చేతి బ్రేకు కూడా వెనుక డ్రమ్ములపైనే పనిచేయును. కావున నాలుగు చక్రాలను కలిపి, చేతి బ్రేకు వేసి, చక్రాల వెనుక దిమ్మలు పెట్టిన తరువాతనే దిగవలెను. వాహనానికి, నీటికి మధ్య ఎవరూ నిలబడరాదు.

నీరు, తుప్పు

దూరం నడిచి వేడెక్కిన ఇరుసును చల్లని నీటిలో ముంచితే, లోపలి గాలి కుంచించుకొని సీళ్ల గుండా నీటిని పీల్చుకొనును. తరువాత గేరు నూనె పాలవలె తెల్లబడును. ఇరుసుల గాలి గొట్టాన్ని పొడిగించి ఛాసిస్ పైకి కట్టడం దీనికి పరిష్కారం. ట్రైలర్ చక్రాల బేరింగులకు కూడా ఇదే ప్రమాదం గనుక, స్ప్రింగు ఒత్తిడితో గ్రీజును నిండుగా ఉంచే మూతలు వాడతారు. రేవు చేరగానే కాసేపు ఆగి, చల్లారనిచ్చి దింపడం మేలు.

ఉప్పునీరు మరింత హానికరం. 2003లో బ్రిటిష్ టెలివిజన్ కార్యక్రమం టాప్ గేర్ 1988 నాటి హైలక్స్ ను సముద్రపు పోటులో ముంచి, తిరిగి నడిపి చూపినది. అది ఇంజను గట్టిదనాన్ని చూపినదే గాని, ఆ తరువాతి సంవత్సరాలలో ఉప్పు ఛాసిస్ ను ఏమి చేస్తుందో చూపలేదు. 1995-2000 మధ్య తయారైన టకోమా ట్రక్కుల ఛాసిస్ తుప్పు కారణంగా టయోటా 2008లో వారంటీని 15 ఏళ్లకు పొడిగించి, బాగా పాడైన వాహనాలను తిరిగి కొన్నది. ప్రతి ప్రయాణం తరువాత ఛాసిస్ లోపలి భాగాన్ని, బ్రేకులను మంచినీటితో కడుగవలెను.

భారతదేశంలో

భారతదేశంలో వాహన నిర్మాణాన్ని మార్చుటకు 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ పరిమితులు విధించినది. తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధమైన మార్పులు చెల్లవని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పినది. కావున పైన వివరించిన మార్పులను ఇక్కడ చేయదలచినవారు ముందుగా రవాణా శాఖ అనుమతి విషయం తెలుసుకొనవలెను.