పిష్టపశువు మొదలు ఉప్పుపిండి బొమ్మ వఱకు

గోధుమపిండి రెండు పాళ్లు, మెత్తని ఉప్పు ఒక పాలు, నీరు ఇంచుమించు ఒక పాలు: ఇంతకంటె దీనికి వలసిన సామగ్రి లేదు. ముద్దను బాగుగ మర్దించి, చిలుకను గాని, చేపను గాని, ఆకును గాని దిద్ది, ఎండలోనో సన్నని సెగమీదనో ఆఱబెట్టినచో అది కట్టెవలె గట్టిపడును. పసిబిడ్డ అఱచేతిని ఆ ముద్దపై ఒత్తి, ఆ గుర్తును ఏండ్ల తరబడి దాచుకొను తల్లులు నేడు మన పట్టణములలోను కలరు. పాశ్చాత్యదేశములలో క్రిస్మసు చెట్టునకు ఇట్టి బొమ్మలను దారముతో వ్రేలాడగట్టుదురు. చూచుటకిది వట్టి పిల్లల ఆటగ తోచును.

అయితే ఈ ఆటను చూచి నొచ్చుకొను పెద్దలును కలరు. తినెడి పిండిలో ఉప్పు పోసి తినరానిదిగ చేయుట అన్నమును అవమానించుట కాదా యని వారి ప్రశ్న. 1943లో వంగదేశమున లక్షలకొలది జనులు తిండిలేక మరణించిరి. అట్టి దేశమున ఆ ప్రశ్నను నవ్వి త్రోసివేయరాదు. దానికి సమాధానము చెప్పవలెనన్నచో, పిండితో రూపములు చేయవలసిన అవసరము మనుష్యులకు ఏల కలిగెనో ముందు తెలిసికొనవలెను. ఆ చరిత్ర చాలవఱకు ఆటస్థలమున గాక, బలిపీఠముకడ నడచినది.

క్రీస్తునకు పూర్వము 5వ శతాబ్దివాడగు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటసు ఈజిప్టుదేశపు ఆచారములను వర్ణించుచు ఒక చిన్న సంగతి వ్రాసియున్నాడు. ఈజిప్టువారికి పంది అపవిత్రమైన జంతువు. దారిలో అది తగిలినచో కట్టుబట్టలతోనే నదిలో మునిగెడివారట. పందులకాపరులను దేవాలయములలోనికి రానీయరు. వారికి పిల్లనిచ్చువారును ఉండరు. ఐనను ఒక పున్నమనాడు చంద్రునకును, దియొనీససు అని గ్రీకులు పిలుచు దేవునకును ఆ పందినే బలియిచ్చెడివారు. పందిని కొనలేని పేదలు పిండితో పందులను చేసి, కాల్చి, వానినే సమర్పించెడివారు. ఇక్కడ కరుణ ప్రసక్తి లేదు; లేమియే పిండిపందిని పుట్టించినది. కాని ఫలము గమనింపదగినది. ధనికుని పందిని గైకొన్న దేవుడు పేదవాని పిండిపందిని కూడ గైకొనెనన్నచో, దేవునికి కావలసినది రక్తము కాదని ఆ పేదలు తమకు తెలియకయే ఋజువు చేసిరి.

మన దేశమున ఈ విచారము మఱింత లోతుగ జరిగినది. ఐతరేయబ్రాహ్మణమున ఒక కథ కలదు. దేవతలు మొదట మనుష్యునే బలిపశువుగ గ్రహించిరట. అప్పుడు అతనిలోని మేధము, అనగా యజ్ఞమునకు అర్హమైన సారము, అతనిని విడిచి గుఱ్ఱములో ప్రవేశించెను. గుఱ్ఱమునుండి ఎద్దులోనికి, ఎద్దునుండి గొఱ్ఱెలోనికి, గొఱ్ఱెనుండి మేకలోనికి, మేకనుండి భూమిలోనికి పోయి, తుదకు వరిధాన్యమై మొలచెను. కావున పిండితో చేసిన పురోడాశమునందు పశువునందలి సారమే కలదని ఆ గ్రంథాభిప్రాయము. ఈ కథ చెప్పినవారు పశుయాగమును మానినవారు కారు. అయినను సారము ధాన్యములోనికి దిగినదని వారే ఒప్పుకొనిరి. చాతుర్మాస్యములలో వరుణప్రఘాసమను కర్మయందు యవలపిండితో ఒక పొట్టేలును, ఒక ఆడుగొఱ్ఱెను చేయుట విధి. వానికి ఉన్ని అతికింపవలెననియు, తగిన ఉన్ని దొరకనిచో దర్భపోచలు చాలుననియు శతపథబ్రాహ్మణము చెప్పుచున్నది. పిండిముద్దకు ఉన్ని అతికించి గొఱ్ఱెను చేసిన ఆ ఋత్విక్కు చేయి, బొమ్మ చేయువాని చేయియే.

తరువాతివారు ఈ ఒప్పుకోలును ఇంకను ముందునకు తీసికొనిపోయిరి. మహాభారత శాంతిపర్వమున ఉపరిచరవసువు కథ కలదు. అజముతో యజింపవలెనను మాటకు మేక అని దేవతలును, విత్తనములని ఋషులును అర్థము చెప్పిరి. తీర్పరిగ నిలిచిన వసురాజు పక్షపాతముచే దేవతల మాటనే నిజమనెను. ఆ దోషముచే ఆకాశమునుండి భూవివరమున పడెను. 13వ శతాబ్దిలో వెలసిన మధ్వమతము యాగమునందు పిష్టపశువునే, అనగా పిండితో చేసిన పశువునే, వినియోగింపవలెనని నిలిపినది. దీనిపై ఇతర వైదికులకును వారికిని చిరకాలము వాదములు నడచినవి.

వీరందఱికంటె కఠినమైన ప్రశ్న వేసినవారు జైనులు. సోమదేవసూరి వేములవాడ చాళుక్యుల ఆశ్రయమున ఉండి, శక 881, అనగా క్రీ. శ. 959లో యశస్తిలకచంపువును ముగించెను. నేటి తెలంగాణములోని వేములవాడయే అది. 966లో అచ్చటి జినాలయమునకై అరికేసరి రాజు ఆయనకు ఒక గ్రామమును దానము చేసినట్లు పర్భణి తామ్రశాసనము వలన తెలియుచున్నది. ఆ చంపువులో యశోధరుడను రాజు తాను చెడుకల కంటినని తల్లితో చెప్పును. శాంతికై దేవికి జంతుబలి ఇమ్మని తల్లి పట్టుపట్టును. రాజు హింసకు ఒల్లడు. తల్లి మాటను కాదనలేడు. నడిమిమార్గముగ పిండితో కోడిని చేయించి, దేవియెదుట కత్తితో నఱకి, దాని పిండిని మాంసమని భావించి ఇద్దఱును తిందురు. అటుపిమ్మట విషప్రయోగమున మరణించి, తల్లియు కొడుకును నెమలిగ, కుక్కగ, చేపగ, మేకగ ఎన్నో జన్మములెత్తి, ఇతరుల చేత చంపబడుచు వత్తురు. కోడి పిండిదే, కాని చంపవలెనను తలపుతో కత్తి యెత్తినవానికి అది నిజమైన కోడియే యని ఆ జైనాచార్యుని తీర్పు.

ఈ తీర్పు అతికఠినమని కొందఱకు తోపవచ్చును. నాకు మాత్రము ఇందులో గొప్ప సత్యము కనబడుచున్నది. జంతువునకు బదులు బొమ్మను పెట్టుట సంస్కారమున మొదటి మెట్టు. బొమ్మను కూడ నఱకకుండుట రెండవ మెట్టు. మొదటి మెట్టుకడనే నిలిచినవాడు రక్తమును విడిచెను గాని, రక్తము కోరెడి దేవుని గూర్చిన ఊహను విడువలేదు.

మన తెలుగు ఇల్లాండ్రు ఈ వాదములు చదువకయే రెండవ మెట్టు ఎక్కియుండిరి. శ్రావణమాసపు మంగళగౌరీ నోమునందు చలిమిడితో ప్రమిదలు చేసి, నేతివత్తులు వెలిగించి, ఆ సెగకు అట్లకాడపై కాటుక పట్టుదురు. బతుకమ్మ పండుగలో పసుపుముద్దతో గౌరమ్మను చేసి పూలపై నిలుపుదురు. వీనిలో కత్తి లేదు. ముద్ద ఇక్కడ పశువునకు ప్రతినిధి కాదు. దీపమై, దేవియై తన రూపమున తానే నిలిచినది. అయితే కాటుకయు వాయనమును ముత్తైదువలకే ఇచ్చి, అదే ఇంట వితంతువును గడపవెనుక నిలుపుట ఈ నోములకు పట్టిన దోషము. ఆ గడప సంగతి మరల తలచుకొందుము.

అర్పించిన ముద్ద క్రమముగ దాచుకొను వస్తువైన విధము దక్షిణ అమెరికాలో స్పష్టముగ కనబడును. ఈక్వడారు దేశమున కీటో నగరమునకు ఉత్తరముగ కాల్దెరాన్ అను ఊరు కలదు. ఆ దేశమున నవంబరు 2వ తేది మృతులను తలచుకొను దినము. ఆనాడు పసిబిడ్డ ఆకారముతో రొట్టెలు చేసి సమాధులకడకు కొనిపోవుట అక్కడి ఆచారము. కాలక్రమమున కాల్దెరాన్ వారు ఆ రొట్టెబొమ్మలనే చిన్నవిగ చేసి, తినుటకు గాక అలంకారమునకై పిండిలో బంక చేర్చి, రంగులద్ది, గట్టిపఱచుట నేర్చిరి. అవి నేడు క్రిస్మసు చెట్లకు వ్రేలాడుచున్నవి. ఆ పని పెక్కు కుటుంబములకు జీవనోపాధి యైనది. చనిపోయినవారికై చేసిన రొట్టె బ్రతికియున్నవారికి జ్ఞాపికయైనది.

అయితే తినని ముద్ద నిలుచుట యెట్లు? 1915లో ఆరెల్ స్టైన్ మధ్య ఆసియాలో తుర్ఫాను చెంత అస్తానా సమాధులను త్రవ్వినప్పుడు, మృతులకై ఉంచిన పిండివంటలు పువ్వుల ఆకారము చెడక దొరకినవి. అవి 7, 8 శతాబ్దుల నాటివి. వానిని కాపాడినది ఎడారి పొడిగాలి. పిండిని పాడుచేయునది కేవలము కాలము కాదు, తేమ. ఎడారి చేసిన పనిని మన ఇంట ఉప్పు చేయును. ముద్దలోని నీటిని ఉప్పు తనకు కట్టుకొనుటచే బూజునకును, సూక్ష్మజీవులకును బ్రతుకునకు వలసిన నీరు దొరకదు. ఈ పిండిని జర్మనులు తమ భాషలో ఉప్పుముద్ద అనియే పిలుతురు.

కాని పిండిలో సగము కొలత ఉప్పు పోయవలెనన్నచో ఉప్పు చౌకగ ఉండవలెను. అది చిరకాలము చౌకగ లేదు. ఫ్రాన్సుదేశపు ఉప్పుపన్ను 1790లో రద్దయి, నెపోలియను కాలమున 1806లో మరల వచ్చినది. ఇంగ్లండులో 1825లో తొలగినది. జర్మనీలో అది 1993 వఱకు నిలిచియుండెను. మన దేశమున 1882నాటి చట్టము ఉప్పు చేయు అధికారమును సర్కారు చేతిలో బిగించినది. సముద్రము ముంగిట ఉన్న కోస్తా పేదవాడు ఆ సముద్రపు ఉప్పును స్వేచ్ఛగ తీసికొనలేకపోయెను. 1930 ఏప్రిల్ 6న దండికడ గాంధీమహాత్ముడు పిడికెడు ఉప్పు తీసిన పిమ్మట, మచిలీపట్టణము మొదలగు మన రేవులలోను జనులు ఉప్పు వండి చెఱసాలలకు పోయిరి. 1947లో ఆ పన్ను రద్దయినది. చినగంజాము, నౌపడ ఉప్పుమడుల చరిత్ర నెఱిగినవారికి, నేడొక తల్లి గిన్నెడు ఉప్పును బిడ్డ ఆటకై పోయగలుగుట అల్పవిషయముగ తోపదు.

ఇక పెద్దల ప్రశ్నకు వత్తము. అన్నమును వ్యర్థము చేయరాదను మాట ముమ్మాటికి నిజము. అందువలన ఈ పనికి ముక్కిన పిండినో, పురుగుపట్టి జల్లించిన పిండినో వాడవలెను. రెండు గుప్పెళ్లు చాలును. కాని ఈ ఆక్షేపణ చేయుటకు అర్హత అందఱకును లేదు. జంతుపక్షిబలులను నిషేధించుచు మద్రాసు రాష్ట్రమున 1950లోనే చట్టమైనది. ఐనను జాతరలలో మేకపోతుల, కోళ్ల నెత్తురు ఇంకను ప్రవహించుచునే యున్నది. గ్రామదేవతకు ప్రాణముతో ఉన్న మేకను మ్రొక్కుకొని, బిడ్డ చేతిలోని పిండిచిలుకను చూచి అన్నదోషమని చెప్పువారు యశోధరుని కథను ఒకసారి చదువుట మంచిది.

చేయదలచినవారికి రెండు హెచ్చరికలు. ఉప్పు తేమను పీల్చును గాన వానకాలమున బొమ్మ మెత్తబడును. పూర్తిగ ఆఱిన పిమ్మట వార్నీషు పూయవలెను. పచ్చిముద్దను పిల్లల నోటికిని, పెంపుడు కుక్కలకును అందనీయరాదు. అంత ఉప్పు ఒక్కసారి కడుపులోనికి పోవుట ప్రాణాపాయము; కుక్కలు దానిని తిని చనిపోవుట కలదు.

ఈ ముద్దకు మంత్రము లేదు, మడి లేదు, ముత్తైదువ నియమము లేదు. నోమునాడు గడపవెనుక నిలిచిన అమ్మమ్మ ఈనాడు గడప దాటి వచ్చి, మనుమరాలి ప్రక్కను పీటపై కూర్చుండి, తన చేతితో పిండి కలుపవచ్చును. ఆ ఇద్దఱి అఱచేతులను ఒక్క పలకపై ఒత్తి, వెనుక తేదీ వ్రాసి దాచుడు. మనుమరాలు పెద్దదైన పిమ్మట దానిని చూచి, తమ ఇంట ఎవరిని ఎవరి ప్రక్కను కూర్చుండనిచ్చిరో తెలిసికొనును.