యాభై అయిదు డిగ్రీల మర

19వ శతాబ్దం తొలి పాతికేళ్ళలో ఇంగ్లండులో ఒక యంత్రాన్ని విప్పే పనివాడు ముందుగా ప్రతి బోల్టుకూ దాని నట్టుకూ జతగుర్తు పెట్టుకునేవాడు. ఆ గుర్తు తప్పితే దీని నట్టు దానికి ఎక్కదు, దాని నట్టు దీనికి ఎక్కదు, రెండు బోల్టులూ చూపుకు ఒకే లావున్నా సరే. హెన్రీ మాడ్‌స్లే దగ్గర పనిచేసిన జేమ్స్ నాస్మిత్ 1883లో వెలువడిన తన ఆత్మకథలో ఆ ఇక్కట్లను గుర్తుచేసుకున్నాడు. ఇవాళ నల్గొండలో కొన్న 10 మిల్లీమీటర్ల మామూలు బోల్టుకు జర్మనీలో చేసిన నట్టు ఇట్టే ఎక్కుతుంది. ఇంత మార్పు ఎలా వచ్చిందని అడిగితే తరచు వినిపించే జవాబు ఒకటే: 1800 ప్రాంతంలో మాడ్‌స్లే మరలు కోసే లేత్‌ను నిలబెట్టాడు, చేతిపని వెనక్కి పోయి యంత్రం ముందుకొచ్చింది, యంత్రంతోపాటే ఏకరూపత వచ్చింది. ఇందులో సగమే నిజం. మరకు కచ్చితత్వాన్ని ఇచ్చింది లేత్. కానీ ఏ లావుకు ఎన్ని చుట్లు, ఎంత లోతు, ఏ కోణం అన్న ఒప్పందం లోపలి మరలు కోసే ట్యాపులు, బయటి మరలు కోసే డైలు పట్టుకున్న చేతుల నుంచి వచ్చింది. కచ్చితత్వం వేరు, ఒప్పందం వేరు. రెంటినీ ఒకటిగా చూడటం వల్లే ఫిట్టరుకు చరిత్రలో దక్కాల్సిన చోటు దక్కలేదు.

చేత్తో మరలు వేయడం చాలా పాత విద్య. అలెగ్జాండ్రియాకు చెందిన హీరో క్రీస్తు శకం 1వ శతాబ్దంలోనే చెక్కలో లోపలి మరలు కోసే పనిముట్టును వర్ణించాడు. గ్రీకు మూలం నశించినా, కుస్తా ఇబ్న్ లూకా చేసిన అరబ్బీ అనువాదంలో ఆ గ్రంథం మనకు దక్కింది. బయటి మరల కోసం లంబకోణ త్రిభుజాకారపు రేకును గుండ్రటి కడ్డీకి చుట్టి, ఏటవాలు అంచు వెంట గీత గీసి, ఆ గీత పట్టుకుని కోసుకుంటూ పోయేవారు. లోహపు చిన్న మరలకు యూరప్ గడియారాల పనివారు స్క్రూ ప్లేటు వాడారు. రకరకాల లావుల్లో మరలున్న బెజ్జాలు వేసి, పదునుపెట్టి గట్టిపరిచిన ఉక్కు పలక అది. ఆ బెజ్జంలోకి కడ్డీని తిప్పుతూ దూరిస్తే లోహం కొంత తెగేది, ఎక్కువగా నలిగి పైకి లేచేది. నట్టు లోపలి మరలకు వాడే ట్యాపు కూడా ఇలాంటిదే. మరలున్న ఉక్కు కడ్డీని మూడు నాలుగు వైపులా ఆకురాయితో పలకలుగా అరగదీసి గట్టిపరిచేవారు. అది కోసేదానికన్నా ఒరుసుకుపోయేది ఎక్కువ. ఇక్కడొక చిక్కు ఉంది. పలకలోని మరలను చేసేది ట్యాపు, ఆ ట్యాపును చేసేది మరో పలక. ఒక తరం పనిముట్టులోని తప్పు తరువాతి తరానికి చెక్కుచెదరకుండా చేరేది.

చేతిపనే ఆ గందరగోళానికి మూలమైతే దానికే ఏకరూపత ఘనతను ఎలా కట్టబెడతామని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. కానీ గందరగోళం ఎక్కడ ఉండేదో కాస్త దగ్గరగా చూడాలి. ఒకే ట్యాపు, ఒకే పలక వాడినంత వరకు ఇద్దరు పనివాళ్ళు చేసిన మరలు చాలావరకు ఒకదానికొకటి సరిపోయేవి, ఎందుకంటే మర ఆకారం మనిషి నైపుణ్యంలో కాదు, పనిముట్టులోనే ఉంటుంది. తేడా అంతా పనిముట్టుకూ పనిముట్టుకూ మధ్య, అంటే కొట్టుకూ కొట్టుకూ మధ్య. అప్పుడు కొరత పడింది చేతి కచ్చితత్వానికి కాదు, కొట్ల మధ్య మాటకు. కొత్త లేత్ తనంతట తాను ఆ మాటను కుదర్చలేదు. ఎన్ని చుట్లు కోయాలని చెబితే అన్ని చుట్లు కోయడమే దాని పని.

దీనికి బాల్టిమోర్ పట్టణం చెప్పే సాక్ష్యం బలమైనది. 1904 ఫిబ్రవరి 7న ఆ అమెరికా నగరం తగలబడుతుంటే వాషింగ్టన్ నుంచీ చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ అగ్నిమాపక దళాలు పరుగున వచ్చాయి. చాలా దళాల గొట్టాల మరలు బాల్టిమోర్ నీటి కుళాయిలకు పట్టలేదు. 1,500కు పైగా భవనాలు కాలిపోయాయి. అప్పటికి మాడ్‌స్లే లేత్ వచ్చి నూరేళ్ళు దాటింది. ఏ ఊరి మర ఆ ఊరి కొలతలో సరిగ్గానే ఉంది. లేనిది ఊళ్ళ మధ్య ఒప్పందం.

మాడ్‌స్లే గొప్పతనాన్ని తగ్గించే ఉద్దేశం నాకు లేదు. అయిదడుగుల పొడవు, రెండంగుళాల లావు ఉండి అంగుళానికి 50 చుట్లున్న ఒక మరను, దానికి 600 చుట్లున్న 12 అంగుళాల నట్టును ఆయన తయారుచేశాడు. పైన చెప్పిన తప్పుల వలయాన్ని తెంచింది ఆయనే. లేత్‌లో పనిముట్టును నడిపించే మరే తప్పుగా ఉంటే దానితో కోసిన ప్రతి మరా తప్పే అవుతుంది కాబట్టి, ఆ తల్లి మర కోసం ఎంతో శ్రమపడ్డాడు. కావలసిన ఏటవాలుకు వంచి బిగించిన చంద్రవంక ఆకారపు కత్తిని మెత్తటి కడ్డీకి ఆనించి, కడ్డీని తిప్పుతూ మూలమరలు పుట్టించాడు. మంచి ట్యాపులు తయారుకావాలంటే అలాంటి మర ఉండి తీరాలి. లేత్ లేకుండా ఇదంతా జరగదనే వాదన అంతవరకు నిలుస్తుంది. అయితే 1830లలో చిన్న కమ్మరి కొట్టుకూ, గనికీ, రైలు షెడ్డుకూ మరలు కోసే లేత్ ఎక్కడిది? మాడ్‌స్లే దగ్గర ప్రధాన డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి, తరువాత ఛార్లెస్ బాబేజ్ లెక్కల యంత్రానికి విడిభాగాలు చేసిన జోసెఫ్ క్లెమెంట్ ఈ సంగతి గ్రహించాడు. ఒక్కో లావుకు అంగుళానికి ఇన్ని చుట్లని స్థిరపరచుకుని, 1828 నుంచి నిలువు గాడులున్న ట్యాపులను, డైలను చేసి అమ్మకానికి పెట్టాడు. గాడుల అంచు లోహాన్ని నిజంగా కోస్తుంది. తెగిన రజనుకు గాడిలో చోటు దొరుకుతుంది. కొన్ని ట్యాపుల పిడిని సన్నగా చేశాడు, పని పూర్తయ్యాక వెనక్కి తిప్పనక్కర్లేకుండా బెజ్జంలోంచి కిందికి జారిపోయేలా. లేత్ ఒక్క కొట్టులోనే ఉన్నా, దాని కొలత ఈ ట్యాపుల పెట్టెలో చేరి వంద కొట్లకు వెళ్ళగలిగింది.

మాడ్‌స్లే, క్లెమెంట్ ఇద్దరి దగ్గరా పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1841లో సివిల్ ఇంజినీర్ల సంస్థకు ఒక పత్రం సమర్పించాడు. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే ఘట్టం ఇదే. ఆయన కాగితం మీద ఆదర్శమైన మరను గీసి ఇంజినీర్లకు ఇవ్వలేదు. ఇంగ్లండులోని పెద్ద పెద్ద వర్క్‌షాపుల నుంచి బోల్టులు సేకరించి, వాటి చుట్లు, లోతులు, కోణాలు కొలిచి సగటు తీశాడు. పిచ్ (చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం), లోతు, ఆకారం మూడూ ఒకదాన్నొకటి లాగుతాయి. ఒకటి పెంచితే బలం తగ్గుతుంది, ఇంకొకటి మారిస్తే త్వరగా అరుగుతుంది. వీటికి తిరుగులేని సూత్రం లేదు కాబట్టి వాడుకే ప్రమాణం కావాలని ఆయన తేల్చాడు. కోణం 55 డిగ్రీలు అయింది. పావు అంగుళం బోల్టుకు అంగుళానికి 20 చుట్లు, అర అంగుళానికి 12, అంగుళానికి 8. ఆ సగటులో కలిసిన బోల్టులు వేర్వేరు కొట్లలో ఎందరో పేరులేని పనివాళ్ళు కొన్ని తరాలుగా బిగించి, విరగ్గొట్టుకుని, సరిచేసుకుంటూ వచ్చిన కొలతలు. ప్రపంచంలో తొలి జాతీయ మర ప్రమాణం వాళ్ళ అనుభవాన్ని కొలిచి రాసినదే.

దీనికి అమెరికా నుంచి అభ్యంతరం వచ్చింది. 1864 ఏప్రిల్‌లో విలియమ్ సెల్లర్స్ ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో మాట్లాడుతూ 55 డిగ్రీల కోణాన్ని కచ్చితంగా తనిఖీ చేయడం కష్టమన్నాడు. గుండ్రటి శిఖరాలు, అడుగులు ఉన్న విట్‌వర్త్ మరకు మూడు రకాల కత్తులు, రెండు రకాల లేత్‌లు కావాలనీ, తాను చెప్పే 60 డిగ్రీల చదును మరకు ఒక కత్తి, ఒక లేత్ చాలనీ వాదించాడు. సగటు అన్నది తెలివైన ఎంపిక కాదని ఇది రుజువు చేసినట్టు కనబడుతుంది. మెట్రిక్ మరలు సైతం 60 డిగ్రీలకే వచ్చాయి కనుక సెల్లర్స్ గెలిచాడనే చెప్పాలి. కానీ ఆయన గెలిచిన వాదన ఏది? మామూలు కొట్టులో మామూలు పనివాడు ప్రత్యేక సరంజామా లేకుండా చేసుకోగలగాలి, సమబాహు త్రిభుజం కోణం కనుక తేలిగ్గా సరిచూసుకోగలగాలి అన్నది. కొలత మారింది, కానీ తీర్పు చెప్పే చోటు మారలేదు. పనిచేసేవాడి వీలే ఇక్కడా ప్రమాణాన్ని నిర్ణయించింది.

ఇవాళ ఫ్యాక్టరీ బోల్టులకు చాలావరకు మరలు కోయరు, రోలింగ్ డైల మధ్య దొర్లిస్తారు. అయినా ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చదివే కుర్రాడు ట్యాపు సెట్‌లోని మూడింటినీ వరసగా వాడటం నేర్చుకుంటాడు. 1.5 మిల్లీమీటర్ల పిచ్ ఉన్న 10 మిల్లీమీటర్ల మరకు 8.5 మిల్లీమీటర్ల బెజ్జం వేస్తాడు, ట్యాపును నిటారుగా నిలుపుతాడు, అర చుట్టు ముందుకు తిప్పి కొంచెం వెనక్కి తిప్పి రజను తెంపుతాడు. యంత్రాల కాలంలో ఇది వృథా శిక్షణ అనేవారున్నారు. విరిగిన బోల్టు, మరలు పోయిన బెజ్జం యంత్రం ఉన్నచోటే ఉంటాయి, లేత్ దగ్గరికి నడిచిరావు. మరమ్మతు బతికున్నన్నాళ్ళూ ఈ విద్య అక్కర ఉంటుంది.

భారతదేశం 1956 చట్టంతో మెట్రిక్ కొలతలకు మారింది, బోల్టులూ మారాయి. నీటి పైపులు మాత్రం మారలేదు. ఐఎస్ 554 ప్రమాణం ప్రకారం అర అంగుళం జీఐ పైపుకు ఇప్పటికీ అంగుళానికి 14 చుట్లు, కోణం 55 డిగ్రీలు. విజయవాడలోనైనా వరంగల్‌లోనైనా ప్లంబరు డై స్టాకును చేత్తో తిప్పి వేసే మర విట్‌వర్త్ 1841లో సగటు తీసిన ఆ కోణంలోనే ఉంటుంది.