రాష్ట్రం మారితే మైనారిటీ ఎవరు? బెంగళూరు తెలుగు అభ్యర్థులకు రాజ్యాంగ పాఠం

సివిల్స్‌కు, కేపీఎస్సీకి, ఏపీపీఎస్సీకి, టీజీపీఎస్సీకి చదివే అభ్యర్థుల్లో చాలామంది ప్రాథమిక హక్కులను ఒక నోట్‌బుక్‌లో, కేంద్ర రాష్ట్ర సంబంధాలను మరో నోట్‌బుక్‌లో రాసుకుంటారు. కోచింగ్ సెంటర్లు కూడా అలాగే చెబుతాయి. కానీ బెంగళూరులో ఉండే తెలుగు కుటుంబం విషయంలో ఈ రెండు పాఠాలూ ఒకటే. హిందూపురంలో ఉన్నంతవరకు తెలుగు మాట్లాడే మనిషి మెజారిటీ. సుమారు వంద కిలోమీటర్లు ప్రయాణించి బెంగళూరులో స్థిరపడితే అదే మనిషి భాషా మైనారిటీ. మనిషి మారలేదు, భాష మారలేదు. మారింది రాష్ట్రం ఒక్కటే. అందుకే కొన్ని హక్కులు అర్థం కావాలంటే ముందు రాష్ట్ర సరిహద్దు సంగతి అర్థం కావాలి. ఆ వరుసలోనే ముఖ్యమైన ఆర్టికళ్లను, తీర్పులను ఇక్కడ ఇస్తున్నాం.

మైనారిటీ అంటే ఎవరు?

రాజ్యాంగం ‘మైనారిటీ’ అనే మాటను వాడింది కానీ దానికి నిర్వచనం ఇవ్వలేదు. ఆర్టికల్ 30 మాత్రం మతపరమైన మైనారిటీలు, భాషాపరమైన మైనారిటీలు అని రెండు రకాలను గుర్తించింది. మరి సంఖ్యను దేశమంతటా లెక్కించాలా, రాష్ట్రంలోనా?

దీనికి జవాబు కర్ణాటక నుంచి వెళ్లిన కేసులోనే వచ్చింది. మణిపాల్‌కు చెందిన టీఎంఏ పాయ్ ఫౌండేషన్ కేసులో 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2002 అక్టోబర్ 31న తీర్పు చెప్పింది. రాష్ట్రాలు భాష ప్రాతిపదికన ఏర్పడ్డాయి కాబట్టి, ఆర్టికల్ 30 విషయంలో భాషా మైనారిటీనైనా మత మైనారిటీనైనా రాష్ట్రం యూనిట్‌గానే తేల్చాలని చెప్పింది.

2011 జనాభా లెక్కల ప్రకారం కర్ణాటకలో కన్నడ మాతృభాషగా ఉన్నవారు సుమారు 66 శాతం, ఉర్దూ దాదాపు 11 శాతం, తెలుగు దాదాపు 6 శాతం. కర్ణాటక ప్రభుత్వం గుర్తించిన మైనారిటీ భాషల్లో ఉర్దూ, తెలుగు, తమిళం, మలయాళం, మరాఠీ, తుళు, లంబాడీ, హిందీ, కొంకణి, గుజరాతీ ఉన్నాయి.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. 1992 నాటి జాతీయ మైనారిటీల కమిషన్ చట్టం కింద కేంద్రం నోటిఫై చేసింది మత మైనారిటీలనే. 1993లో ముస్లింలు, క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు, పార్సీలు, 2014లో జైనులు. భాషా మైనారిటీలు ఆ జాబితాలోకి రారు. కాబట్టి బెంగళూరులోని తెలుగు క్రైస్తవుడు రెండు రకాలుగా మైనారిటీ. తెలుగు హిందువు భాషపరంగా మాత్రమే మైనారిటీ. హైదరాబాద్‌లో ఉర్దూ మాట్లాడే ముస్లిం అక్కడ రెండు రకాలుగానూ మైనారిటీయే.

హక్కు ఎక్కడుంది, ఎంత గట్టిది?

- ఆర్టికల్ 29(1): ప్రత్యేక భాష, లిపి లేదా సంస్కృతి ఉన్న పౌరుల్లో ఏ వర్గమైనా దాన్ని కాపాడుకోవచ్చు. శీర్షికలో మైనారిటీ అని ఉన్నా, పాఠంలో ఆ మాట లేదు. కాబట్టి ఇది మెజారిటీకీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది.
- ఆర్టికల్ 29(2): ప్రభుత్వ లేదా ప్రభుత్వ సహాయం పొందే విద్యాసంస్థలో కేవలం మతం, జాతి, కులం, భాష కారణంగా ప్రవేశం నిరాకరించరాదు.
- ఆర్టికల్ 30(1): మత, భాషా మైనారిటీలకు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి, నిర్వహించుకునే హక్కు.
- ఆర్టికల్ 30(2): సహాయం ఇచ్చేటప్పుడు మైనారిటీ యాజమాన్యం అన్న కారణంతో ప్రభుత్వం వివక్ష చూపరాదు.
- ఆర్టికల్ 350: కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడే ఏ భాషలోనైనా ఫిర్యాదు, వినతి ఇచ్చుకునే హక్కు.
- ఆర్టికల్ 350-ఎ: భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించేందుకు రాష్ట్రాలు ప్రయత్నించాలి.
- ఆర్టికల్ 350-బి: భాషా మైనారిటీల రక్షణ వ్యవహారాలను పరిశీలించే ప్రత్యేక అధికారి. ఆయన నివేదికలు రాష్ట్రపతికి వెళ్తాయి. వాటిని పార్లమెంటు ఉభయ సభల ముందు ఉంచుతారు, సంబంధిత రాష్ట్రాలకూ పంపుతారు.

29, 30 మూడో భాగంలో ఉన్నాయి, అవి ప్రాథమిక హక్కులు. 350 నుంచి 350-బి వరకు ఉన్నవి 17వ భాగంలో, అంటే అధికార భాష భాగంలో ఉన్నాయి. అవి ప్రాథమిక హక్కులు కావు. 350-ఎ, 350-బి రెండూ 1956లో ఏడో సవరణతో వచ్చాయి. అదే ఏడాది నవంబర్ 1న భాషా ప్రయుక్త రాష్ట్రాలు అమల్లోకి వచ్చాయి. గీత గీసినప్పుడే గీతకు అవతల మిగిలిపోయేవారి గురించి కూడా ఆలోచించారన్నమాట.

బడిలో ఏ భాష?

ఈ ప్రశ్నపై ముఖ్యమైన తీర్పుల్లో కొన్ని కర్ణాటకవే. 1982లో గోకాక్ కమిటీ సిఫార్సుల దరిమిలా హైస్కూళ్లలో కన్నడను ఏకైక ప్రథమ భాషగా చేస్తూ వచ్చిన ఉత్తర్వును భాషా మైనారిటీలపై రుద్దడం చెల్లదని 1989లో కర్ణాటక హైకోర్టు ఫుల్ బెంచి తేల్చింది. ఆ తర్వాత 1994 ఏప్రిల్‌లో ప్రభుత్వం మరో ఉత్తర్వు ఇచ్చింది. ఒకటి నుంచి నాలుగో తరగతి వరకు బోధన మాతృభాషలో లేదా కన్నడలోనే ఉండాలన్నది దాని సారాంశం. ఈ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

2014 మే 6న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం మూడు మాటలు చెప్పింది. పిల్లల మాతృభాష ఏదో తేల్చేది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు. ప్రాథమిక దశలో ఏ మాధ్యమంలో చదవాలో ఎంచుకునే స్వేచ్ఛ ఆర్టికల్ 19(1)(ఎ)లో భాగం. 350-ఎ వసతి కల్పించమంటుంది, మాతృభాషలోనే చదవాలని బలవంతం చేసే అధికారాన్ని రాష్ట్రానికి ఇవ్వదు.

అయితే మాధ్యమం వేరు, ఒక సబ్జెక్టుగా భాష నేర్వడం వేరు. పరీక్షల్లో అభ్యర్థులు తడబడేది ఇక్కడే. ఉషా మెహతా కేసులో 2004లో సుప్రీంకోర్టు మహారాష్ట్రలోని భాషా మైనారిటీ బడుల్లోనూ మరాఠీని ఒక సబ్జెక్టుగా తప్పనిసరి చేయడం చెల్లుతుందని చెప్పింది. కర్ణాటక 2015లో కన్నడ బోధనను తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. కాబట్టి ‘మా పిల్లలు కన్నడ నేర్వనక్కర్లేదు, ఆర్టికల్ 30 ఉంది’ అనే వాదన నిలవదు. తెలుగు నిలుపుకోవడం హక్కు. కన్నడ నేర్చుకోవడం ఆ హక్కుకు అడ్డు కాదు.

మైనారిటీ విద్యాసంస్థల గురించి మరో మూడు అంశాలు గుర్తుంచుకోవాలి. 2005లో 93వ సవరణతో వచ్చిన 15(5) నుంచి ఆర్టికల్ 30 కింది సంస్థలకు మినహాయింపు ఉంది. ప్రమతి కేసులో 2014 మే 6నే అదే ధర్మాసనం విద్యాహక్కు చట్టం మైనారిటీ బడులకు వర్తించదని చెప్పింది. అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ కేసులో 2024 నవంబర్ 8న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4:3 తేడాతో 1967 నాటి అజీజ్ బాషా తీర్పును తోసిపుచ్చింది. చట్టం ద్వారా ఏర్పడినంత మాత్రాన సంస్థ మైనారిటీ స్వభావం పోదని చెప్పింది.

సరిహద్దు ఎవరి చేతిలో ఉంది?

రాష్ట్రాల ఏర్పాటు, పేర్ల మార్పు, సరిహద్దుల మార్పు ఆర్టికల్ 3 కింద పార్లమెంటు పని. సాధారణ మెజారిటీ చాలు. బిల్లు ప్రవేశపెట్టడానికి రాష్ట్రపతి సిఫార్సు ఉండాలి. సంబంధిత శాసనసభ అభిప్రాయం అడగాలి. అయితే ఆ అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడనక్కర్లేదు. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరించినా పార్లమెంటు ఆమోదించింది, జూన్ 2న తెలంగాణ ఏర్పడింది.

తెలుగువారికి దీనికి పాత ఉదాహరణ బళ్లారి. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు రాష్ట్రంలోని బళ్లారి జిల్లా నుంచి ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి, మిగిలినవి మైసూరుకు వెళ్లాయి. అటు వెళ్లిన తెలుగువారు, ఇటు వచ్చిన కన్నడిగులు ఒక్క రోజులో భాషా మైనారిటీలయ్యారు.

చదువు విషయంలోనూ సమాఖ్య కోణం ఉంది. 1976లో 42వ సవరణ విద్య, అడవులు, వన్యప్రాణుల రక్షణ, తూనికలు కొలతలు, కింది కోర్టుల నిర్వహణ అనే ఐదు అంశాలను రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాలోకి మార్చింది. ఉమ్మడి జాబితాలో కేంద్ర, రాష్ట్ర చట్టాలు పొసగకపోతే ఆర్టికల్ 254 ప్రకారం సాధారణంగా కేంద్ర చట్టానిదే పైచేయి. రాష్ట్రపతి ఆమోదం పొందిన రాష్ట్ర చట్టానికి ఆ రాష్ట్రంలో మినహాయింపు ఉంటుంది.

నంది కొండల నుంచి బొమ్మై తీర్పు వరకు

సమాఖ్య పాఠానికి బెంగళూరు కన్నా మంచి తరగతి గది దొరకదు. 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీ రామారావు ప్రభుత్వాన్ని తొలగించి, నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేశారు. ఎన్టీఆర్ వైపు ఎమ్మెల్యేలకు రామకృష్ణ హెగ్డే ప్రభుత్వం ఉన్న కర్ణాటకలో, బెంగళూరు దగ్గరి నంది కొండల్లో ఆశ్రయం దొరికింది. సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. పరీక్షలో పొరపాటు పడేది ఇక్కడే. ఇది రాష్ట్రపతి పాలన కాదు, ఆర్టికల్ 356 ప్రయోగించలేదు. ఆర్టికల్ 164 కింద ముఖ్యమంత్రిని నియమించే గవర్నర్ అధికారాన్ని వాడిన తీరు ఇందులో వివాదం.

ఐదేళ్ల తర్వాత కర్ణాటకలోనే అసలైన 356 కేసు వచ్చింది. ముఖ్యమంత్రి ఎస్.ఆర్. బొమ్మై మెజారిటీ కోల్పోయారని గవర్నర్ పెండేకంటి వెంకటసుబ్బయ్య నివేదిక పంపారు. నంద్యాల నుంచి లోక్‌సభకు వెళ్లిన తెలుగు నాయకుడాయన. సభలో బలం నిరూపించుకుంటానని బొమ్మై చెప్పినా అవకాశం రాలేదు. 1989 ఏప్రిల్ 21న రాష్ట్రపతి పాలన విధించారు. 1994 మార్చి 11న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు వచ్చింది. అందులో గుర్తుంచుకోవాల్సినవి:

1. మెజారిటీ తేలాల్సింది సభలో, రాజ్‌భవన్‌లో కాదు.
2. 356 ప్రకటనను కోర్టులు సమీక్షించవచ్చు.
3. పార్లమెంటు ఉభయ సభలు ఆమోదించేదాకా శాసనసభను రద్దు చేయరాదు.
4. లౌకికత్వం, సమాఖ్య స్వభావం రాజ్యాంగ మౌలిక స్వరూపంలో భాగం.

కర్ణాటక, మేఘాలయ, నాగాలాండ్‌లలో 356 ప్రయోగం చెల్లదన్న కోర్టు, బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత 1992లో మధ్యప్రదేశ్, రాజస్థాన్, హిమాచల్ ప్రదేశ్ ప్రభుత్వాలను తొలగించడాన్ని సమర్థించింది. ఒకే తీర్పు రాష్ట్రాల స్వతంత్రతను, మైనారిటీల భద్రతకు మూలమైన లౌకికత్వాన్ని కలిపి నిలబెట్టింది.

ఉద్యోగం, స్థానికత

ఆర్టికల్ 16(2) ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో పుట్టిన చోటు, నివాసం కారణంగా వివక్ష కూడదు. నివాస షరతు పెట్టే అధికారం 16(3) ప్రకారం పార్లమెంటుకే ఉంది. తెలుగు రాష్ట్రాలకు 1973లో 32వ సవరణతో వచ్చిన 371-డి, కళ్యాణ కర్ణాటక జిల్లాలకు 98వ సవరణతో వచ్చిన 371-జె ప్రత్యేక ఏర్పాట్లు.

ప్రైవేటు ఉద్యోగాల సంగతి వేరు. 2024 జూలైలో కర్ణాటక మంత్రివర్గం స్థానికులకు మేనేజ్‌మెంట్ ఉద్యోగాల్లో 50 శాతం, మిగతా వాటిలో 70 శాతం కేటాయించే బిల్లును ఆమోదించి, విమర్శలతో పక్కన పెట్టింది. ఇలాంటి 75 శాతం చట్టాన్ని ఆంధ్రప్రదేశ్ 2019లోనే చేసింది. హర్యానా చట్టాన్ని మాత్రం 2023 నవంబర్‌లో పంజాబ్ హర్యానా హైకోర్టు కొట్టివేసింది. బెంగళూరు బిల్లును తప్పుపట్టే తెలుగువారు అమరావతి చట్టాన్ని కూడా అదే కొలతతో చూడాలి. మెయిన్స్‌లో మంచి జవాబు రాసేది అలా చూడగలిగిన అభ్యర్థే.

బెంగళూరులో చదివి ఏపీపీఎస్సీ, టీజీపీఎస్సీ రాయదలచినవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. 371-డి కింది రాష్ట్రపతి ఉత్తర్వుల్లో స్థానికతను ప్రధానంగా చదివిన చోటును బట్టి నిర్ణయిస్తారు. తల్లిదండ్రుల సొంతూరు అక్కడే ఉన్నా అది చాలకపోవచ్చు. దరఖాస్తుకు ముందే నోటిఫికేషన్‌లోని స్థానికత నిబంధన చదవాలి. కేపీఎస్సీ గెజిటెడ్ ప్రొబేషనర్స్ మెయిన్స్‌లో కన్నడ, ఇంగ్లీషు అర్హతా పేపర్లు ఉంటాయి. యూపీఎస్సీ మెయిన్స్‌ను తెలుగులో రాయవచ్చు. భారతీయ భాష అర్హతా పేపర్‌కు కూడా తెలుగు ఎంచుకోవచ్చు.

సాధన ప్రశ్నలు

1. భాషా మైనారిటీని రాష్ట్రం యూనిట్‌గా ఎందుకు లెక్కిస్తారు? టీఎంఏ పాయ్ తీర్పు ఆధారంగా వివరించండి.
2. ఆర్టికల్ 30, 350-ఎ మధ్య తేడాలు రాయండి. ఉల్లంఘన జరిగితే ఏ దారి ఉంటుంది?
3. 1984 ఆంధ్రప్రదేశ్ ఘటనకు, 1989 కర్ణాటక ఘటనకు రాజ్యాంగపరమైన తేడా ఏమిటి?
4. ప్రైవేటు ఉద్యోగాల్లో స్థానిక కోటా ఆర్టికల్ 14, 19లకు అనుగుణమేనా?

ప్రతి ప్రశ్నకూ 250 పదాల్లో జవాబు రాసి చూసుకోండి. ఏ జవాబులోనైనా మూడు విషయాలు ఉండాలి: హక్కు ఎవరిది, అది ఎవరిపై పనిచేస్తుంది, దాన్ని లెక్కించే పరిధి దేశమా రాష్ట్రమా. మూడోది రాయనివారే ఎక్కువ. బెంగళూరు తెలుగు అభ్యర్థి దాన్ని మరచిపోకూడదు, ఎందుకంటే తన సొంత హక్కు ఆధారపడింది ఆ మూడో విషయం మీదే.